ఆఫర్ పట్నానిది... ఆకలి మనది

*హైదరాబాద్ హోటళ్ల డిస్కౌంట్లు, క్రెడిట్ కార్డుల భోజనం ఆఫర్లు ఖమ్మం, భద్రాద్రి జిల్లాల జేబుకు ఎంతవరకు పనికొస్తాయి? బిల్లు కాగితం ముందు పెట్టుకుని కట్టిన లెక్క ఇది.*

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. ఖమ్మం వైరా రోడ్డులో ఏ ఫ్యామిలీ రెస్టారెంటుకు వెళ్లినా బయట ప్లాస్టిక్ కుర్చీల్లో నాలుగైదు కుటుంబాలు తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుంటాయి. లోపల ఒక్కో మండీ పళ్లెం చుట్టూ ఆరుగురు. పళ్లెం ఖాళీ అయ్యాక సోంపు గిన్నెతోపాటు నల్ల ఫోల్డరు వస్తుంది. అసలు తంతు అక్కడ మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెలవుకి వచ్చిన కొడుకు ఫోన్ తీసి ఒక యాప్ తెరుస్తాడు, అది మూసి ఇంకోటి తెరుస్తాడు. "ఈ హోటల్ ఇందులో లేదు నాన్నా" అంటాడు. రెండు కార్డులు పట్టుకుని కౌంటర్ దగ్గరికి పోతాడు. "కార్డు మీద ఏమన్నా తగ్గుద్దా అన్నా?" క్యాషియర్ తల అడ్డంగా ఊపి క్యూఆర్ కోడ్ బోర్డును ముందుకు జరుపుతాడు. ఈలోగా వెనక నుంచి తండ్రి వచ్చి యజమానిని పలకరిస్తాడు. ఊరు, ఇంటిపేరు, ఎవరి పెళ్లిలోనో కలిసిన సంగతి, అన్నీ అయ్యాక "రౌండ్ ఫిగర్ చెయ్ బాబాయ్" అంటాడు. 1,846 రూపాయల బిల్లు 1,800 అవుతుంది. యాప్‌లు, కార్డులు ఇవ్వని నలభై ఆరు రూపాయలను ఒక వరస ఇప్పించింది.

ఫోన్లో వచ్చే మెసేజులు చూస్తే మాత్రం ఈ దేశంలో ఎవరూ పూర్తి డబ్బు పెట్టి హోటల్లో తినడం లేదేమో అనిపిస్తుంది. ఫ్లాట్ నలభై శాతం, ఒకటి కొంటే ఒకటి ఉచితం, మా కార్డుతో కడితే అదనంగా పది శాతం. పండగ దగ్గర పడితే ఈ మోత రెట్టింపవుతుంది. ఆ మెసేజ్ మాదాపూర్ ఫోనుకీ వస్తుంది, మణుగూరు ఫోనుకీ వస్తుంది. పనిచేసేది ఎక్కువగా మాదాపూర్‌లోనే.

అయినా మనకు దీంతో పని లేదని కొట్టిపారేయలేం. ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్ దాదాపు రెండొందల కిలోమీటర్లు. పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికో, పిల్లను కాలేజీలో దింపడానికో, పెళ్లి బట్టలకో ఏడాదికి కొన్నిసార్లు పట్నం వెళ్లని మధ్యతరగతి ఇల్లు ఇక్కడ అరుదు. వెళ్లిన ప్రతిసారీ రెండు పూటలు బయటి తిండే. సింగరేణి గనులు, పాల్వంచ కేటీపీఎస్, సారపాక కాగితం మిల్లు ఉన్న ప్రాంతం కాబట్టి నెలజీతాలకూ కొదవ లేదు, నెలజీతం ఉన్నచోట కార్డులకూ కొదవ ఉండదు. కార్డు ఇక్కడ చేతికొస్తుంది, ఆఫర్ అక్కడ దొరుకుతుంది. ఏ ఆఫర్‌నైనా తూచడానికి నేను వాడే తూకంరాయి ఒక్కటే: ఇది లేకపోయినా ఆ పూట అక్కడే, అంతే తినేవాళ్లమా? అవునంటే తగ్గిందంతా లాభం. కాదంటే ఆఫర్ మనల్ని తిన్నట్టు.

కార్డు పుట్టిందే భోజనం బిల్లు దగ్గర

క్రెడిట్ కార్డు కంపెనీలకు హోటళ్ల మీద ఇంత ప్రేమ ఎందుకంటే అవి అక్కడే పుట్టాయి. 1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా మొదలుపెట్టిన డైనర్స్ క్లబ్ కార్డు ఆ ఊరి రెస్టారెంట్లలో బిల్లు అప్పటికప్పుడు కట్టకుండా నెలాఖరుకు ఒకేసారి కట్టడానికి వచ్చింది. ఆయన ఒకరోజు పర్సు మరిచిపోయి హోటల్లో ఇరుక్కున్నాడని, ఆ అవమానంలోంచే కార్డు ఆలోచన తట్టిందని ఒక కథ చెబుతారు. అది ప్రచారం కోసం అల్లిన కథ అని తర్వాత ఆ కంపెనీ ప్రచారం చూసిన మనిషే ఒప్పుకున్నాడు. అంటే డైనింగ్ కార్డు వ్యాపారంలో ప్రకటన మొదటి రోజు నుంచీ నిజానికన్నా ఒక అడుగు ముందే ఉంది.

ఆ కార్డు 1961లో మన దేశానికి వచ్చింది. తెలుగువాళ్లకు ఇందులో సొంత వాటా కూడా ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దేశంలో ఈ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో అదొకటి. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డులు మాత్రం పెరుగుతూ పోయాయి. 2024 ఫిబ్రవరి నాటికి దేశంలో వాడుకలో ఉన్న క్రెడిట్ కార్డులు 10 కోట్లు దాటాయి.

ఇన్ని కార్డుల మధ్య తమ కార్డే పర్సులోంచి ముందుగా బయటికి రావాలని ప్రతి బ్యాంకూ కోరుకుంటుంది. ఫ్రిజ్ అయిదేళ్లకోసారి కొంటాం, బిర్యానీ వారం వారం తింటాం. తినే దగ్గర అలవాటైన కార్డు పెట్రోలు బంకులో, బట్టల కొట్లో కూడా అలవాటవుతుందని వాళ్ల లెక్క. ఒక్కసారి కాలేజీ ఫీజు కూడా దాని మీదే కట్టారంటే, భోజనం మీద ఇచ్చిన రెండొందలు బ్యాంకుకు చిల్లర ఖర్చు.

వైరా రోడ్డు క్యాషియర్ క్యూఆర్ బోర్డును ఎందుకు ముందుకు జరిపాడో కూడా ఇక్కడే తెలుస్తుంది. కార్డు గీకితే నూటికి సుమారు రెండు రూపాయలు హోటల్ యజమాని చేతి నుంచి పోతాయి. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో కడితే 2020 జనవరి నుంచి అతనికి ఆ కోత లేదు. రౌండ్ ఫిగర్ చేసిన నలభై ఆరు రూపాయల్లో ముప్పై ఏడు అక్కడి నుంచే వచ్చాయి. కాబట్టి చిన్న ఊళ్లో "కార్డు కాదు, ఫోన్‌పే చేస్తా, ఎంత తగ్గిస్తావ్?" అని అడగడం బేరం కాదు, న్యాయమైన ప్రశ్నే.

ఆఫర్ డబ్బు ఎవరి జేబులోంచి?

ఒక డిస్కౌంటులో మూడు జేబులు ఉండొచ్చు: హోటల్‌ది, యాప్‌ది, బ్యాంకుది. పట్నంలో టేబుల్ బుక్ చేసే యాప్‌లలో కనిపించే పెద్ద శాతం చాలావరకు హోటల్ యజమాని భరించేదే. పైన 'అదనంగా పది శాతం' అని చిన్నగా ఉండేది బ్యాంకుది. ఈ పంపకం మీద గొడవ కూడా అయింది. 2017 నవంబరులో జొమాటో గోల్డ్ అనే సభ్యత్వం వచ్చింది. సభ్యుడికి ఒక ఐటం కొంటే ఇంకొకటి ఉచితం. జనం ఎగబడ్డారు. ఉచితం ఖర్చు తమ నెత్తిన పడుతోందని హోటళ్లు తిరగబడ్డాయి. 2019 ఆగస్టులో 'లాగౌట్' పేరుతో వందల రెస్టారెంట్లు ఆ ఆఫర్ల నుంచి బయటికి వచ్చేశాయి. దాంతో కంపెనీ నిబంధనలు మార్చింది, మరుసటి ఏడాది ఆ పథకం రూపమే మారిపోయింది. 2022లో టేబుల్ బుక్ చేసే డైన్‌అవుట్ యాప్‌ను స్విగ్గీ కొనేసింది, 2024 నవంబరులో జొమాటో డిస్ట్రిక్ట్ అనే యాప్ తెచ్చింది. పేర్లు మారినా పట్నం హోటల్ అవసరం అదే. లక్షల అద్దె కట్టే చోట మంగళవారం మధ్యాహ్నం టేబుళ్లు ఖాళీగా ఉంటే అది నష్టం. సగం ధరకైనా ఆ కుర్చీ నిండాలి.

ఖమ్మంలో ఆ ఒత్తిడి తక్కువ. ఆదివారం రాత్రి బయట కుర్చీలు వేసి కూర్చోబెట్టే యజమాని తగ్గించాల్సిన పనేముంది? మన దగ్గర ఆఫర్ అంటే కొత్త హోటల్ తెరిచిన రోజు ఫ్లెక్సీ కట్టి చేసే సందడే. 2023 జూన్‌లో కరీంనగర్‌లో ఒక కొత్త హోటల్ ఒక్క రూపాయి నోటుకు బిర్యానీ అని ప్రకటించింది. నాణెం చెల్లదు, నోటే కావాలి. దాచుకున్న పాత నోట్లు పట్టుకుని జనం వందల్లో వచ్చేశారు, ట్రాఫిక్ ఆగిపోయింది, పోలీసులు వచ్చి హోటల్ మూయించారు. అడ్డదిడ్డంగా ఆపిన బళ్లకు చలానాలు కూడా రాశారు. రూపాయి బిర్యానీ కోసం వచ్చి చలానా కట్టిన మనిషి ఆ రోజు పూర్తి ధరకు తిన్నా అంతకన్నా తక్కువే అయ్యేదేమో.

పదిహేను శాతం ఎలా కరుగుతుంది?

ఒక ఉదాహరణ వేసుకుందాం. కొత్తగూడెం కుటుంబం నలుగురు, నానమ్మను పట్నం ఆసుపత్రిలో చూపించి రాత్రి భోజనానికి కూర్చున్నారు. బిల్లు 1,260 అయ్యేలా ఉంది. కూతురి కార్డు మీద ఆఫర్: 1,500 దాటితే 15 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 200. "ఇంకో స్టార్టర్ చెబుదాం అమ్మా, ఆఫర్ వస్తది" అంది. 290 రూపాయల స్టార్టర్ వచ్చింది. బిల్లు 1,550. పదిహేను శాతమంటే 232 రావాలి గానీ పరిమితి 200 దగ్గర ఆగింది. మిగిలిన 1,350 మీద అయిదు శాతం జీఎస్టీ కలిపి 1,417 రూపాయల 50 పైసలు కట్టారు. స్టార్టర్ చెప్పకపోతే పన్నుతో కలిపి 1,323. రెండొందలు 'మిగిల్చుకోవడానికి' 94 రూపాయల 50 పైసలు ఎక్కువ పెట్టారు. పిల్లలు ఆ ప్లేటును లొట్టలేసుకుంటూ తిని ఉంటే తొంభై నాలుగుకు స్టార్టర్, చవకే. సగం వదిలేసి లేస్తే ఆఫర్ గెలిచినట్టు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. హోటలే బిల్లులో తగ్గించి రాస్తే పన్ను తగ్గిన మొత్తం మీదే పడుతుంది. పూర్తి బిల్లు కట్టాక బ్యాంకు క్యాష్‌బ్యాక్ ఇస్తే పన్ను పూర్తి మొత్తం మీద పడుతుంది. పై లెక్కలో తేడా పది రూపాయలే గానీ, క్యాష్‌బ్యాక్ స్టేట్‌మెంట్‌లో కనబడటానికి వారాలు పట్టొచ్చు, దాన్ని గుర్తుపెట్టుకుని చూసుకునేవాళ్లు తక్కువ.

గరిష్ఠ పరిమితి ఉన్న ఆఫర్‌కు అనువైన బిల్లు కనీస మొత్తం దాటీ దాటనంత. అదే కార్డు 4,000 బిల్లు మీద వాడితే వచ్చేది రెండొందలే, అంటే అయిదు శాతం. బంధువులంతా కలిసి వెళ్లినప్పుడు ఇద్దరి దగ్గర అలాంటి కార్డులుంటే ఆర్డరు చెప్పేటప్పుడే రెండు బిల్లులుగా వేయమని అడగండి. రెండు వేల చొప్పున రెండు బిల్లులు, నాలుగొందల తగ్గింపు. తిన్నాక అడిగితే కెప్టెన్ ముఖం చిట్లిస్తాడు, ముందే చెబితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

బఫేలకు పిల్లల్ని తీసుకెళ్లే వాళ్లు మరో సంగతి చూడాలి. బోర్డు మీద ధర పక్కన చిన్న ప్లస్ గుర్తు ఉంటే పన్ను వేరే అని అర్థం. చాలా బఫేలలో వారం మధ్యలో మధ్యాహ్నం ధరకూ, శని ఆదివారాల రాత్రి ధరకూ బాగా తేడా ఉంటుంది. ఆసుపత్రి పని మధ్యాహ్నానికి అయిపోతే ఆ పూటే తినేసి రాత్రికి టిఫిన్‌తో సరిపెట్టుకోవడం ఏ కార్డు ఆఫర్‌కూ తీసిపోదు.

ఇంటికి తెప్పించుకునే తిండి లెక్క ఖమ్మంలోనూ పనికొస్తుంది. కౌంటర్లో 240 ఉన్న బిర్యానీ యాప్‌లో 280 ఉందనుకోండి. అరవై తగ్గించారని సంతోషిస్తాం. ప్యాకింగ్ పదిహేను, డెలివరీ పాతిక, ప్లాట్‌ఫామ్ ఫీజు పన్నెండు కలిస్తే పన్ను వేయకముందే 272. బండి వేసుకుని వెళ్లి పార్సిల్ తెచ్చుకుంటే పన్నుతో కలిపి 252. ఇది యజమాని అత్యాశ అనుకోవద్దు. ప్రతి ఆర్డరు మీదా యాప్‌కు కమీషన్ ఇవ్వాల్సినవాడు ఆ ఖర్చును ఎక్కడో ఒకచోట కలపక తప్పదు. వానలో గుమ్మం దాకా తెచ్చి ఇచ్చినందుకు ఇరవై పైచిలుకు రూపాయలు ఎక్కువని నేననను. అది తగ్గింపు మాత్రం కాదు.

> బాక్సు: బిల్లు మీద ఇవి చూడండి
>
> జీఎస్టీ: మామూలు రెస్టారెంటులో 5 శాతం, ఏసీ ఉన్నా లేకున్నా. 2017 నవంబరు 15 నుంచి ఇదే రేటు. 2025 సెప్టెంబరు 22న ప్యాకెట్ పనీర్, రొట్టెల మీద పన్ను పోయినా హోటల్ బిల్లు మీది 5 శాతం అలాగే ఉంది.
>
> చిన్న హోటళ్లు: ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపు ఉండి కాంపోజిషన్ పథకం ఎంచుకున్న హోటల్ తన జేబులోంచే పన్ను కట్టాలి, కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు. ఆ మాట బిల్లు మీదే రాసి ఉండాలి. జీఎస్టీ నంబరే లేని బిల్లులో జీఎస్టీ ఉండకూడదు.
>
> సర్వీస్ ఛార్జి: ఇష్టమైతేనే ఇచ్చేది. బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడగండి, వినకపోతే 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల వరకు విలువున్న కేసుకు ఫీజు లేదు.
>
> నీళ్ల సీసా: రెస్టారెంటులో కూర్చుని తాగే సీసాకు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కూర్చోగానే అడగకుండా సీసా మూత తీస్తుంటే మామూలు నీళ్లు చాలని చెప్పండి.

వడ్డీ ముందు బిర్యానీ ఎంత?

ఇప్పటిదాకా చెప్పినదంతా పదుల్లో, వందల్లో తేడా. అసలు ప్రమాదం స్టేట్‌మెంట్ వచ్చిన రోజున ఉంది. అందులో రెండు అంకెలుంటాయి: మొత్తం బకాయి, కనీస చెల్లింపు. కనీసం కట్టేస్తే సరిపోతుందనుకునే ఇళ్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర నుంచి మూడుముప్పావు శాతం. ఇరవై వేలు బకాయి మిగిలితే మూడుముప్పావు చొప్పున నెలకు 750, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 135, మొత్తం 885. నెలంతా యాప్‌లు వెతికి నాలుగుసార్లు రెండొందలు తగ్గించుకున్నా 800 దాటదు. పైగా బకాయి పూర్తిగా కట్టకపోతే ఉచిత గడువు పోయి, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది కూడా.

నేలకొండపల్లి గోపన్న ఖజానా సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైతే, రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు తానీషాకు చెల్లించారని మన ప్రాంతపు కథ. కార్డు బకాయికి అలాంటి ఏర్పాటు ఏ బ్యాంకు నిబంధనల్లోనూ లేదు.

దసరా ముందు సింగరేణి లాభాల వాటా ఖాతాల్లో పడుతుంది. 2023-24 లాభాలకు గాను కార్మికులకు 33 శాతం, అంటే 796 కోట్లు పంచారు. కోల్‌బెల్ట్ బజార్లన్నీ ఆ వారం కళకళలాడతాయి. కార్డు బకాయి ఉన్న ఇల్లు ఆ డబ్బుతో ముందు దాన్ని సున్నా చేయడమే మంచిది. నెలకు మూడుముప్పావు శాతం మిగిల్చే ఆఫర్ ఏ హోటల్లోనూ దొరకదు. ఆ తర్వాత ఫ్యామిలీ ప్యాక్ కాదు, జంబో ప్యాకే చెప్పుకోండి.

> బాక్సు: అడక్కుండా కార్డు వస్తే
>
> 2022 జులై నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం మీ స్పష్టమైన అంగీకారం లేకుండా కార్డు ఇవ్వకూడదు. బకాయి లేని కార్డును మూసేయమని అడిగితే 7 పనిదినాల్లో మూయాలి, లేకపోతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలి. 'మొదటి ఏడాది ఫీజు ఉచితం' అన్న కార్డు రెండో ఏడాదిలో ఎంత తీసుకుంటుందో, ఎంత ఖర్చు చేస్తే మాఫీ అవుతుందో చేరే ముందే అడిగి తెలుసుకోండి.

గోదావరి దాటాక

ఖమ్మం నుంచి నూట ఇరవై కిలోమీటర్లు వెళ్లి భద్రాచలం వంతెన దాటితే ఆఫర్ల ప్రపంచం దాదాపు వెనకే ఉండిపోతుంది. ఇక్కడ డిస్కౌంటు బోర్డు కన్నా పాతదైన ఏర్పాటు మెస్సుల్లో ఉంది. ఫుల్ మీల్స్ అంటే మారు అన్నం, మారు పప్పు, మారు సాంబారు అడిగినా బిల్లు మారదు. నడిచి నడిచి అలిసిన యాత్రికుడికి అంతకన్నా లాభసాటి భోజనం పట్నంలో ఏ యాప్‌లో వెతికినా కష్టం. దేవస్థానం అన్నదానం ఎలాగూ ఉంది. ఎటొచ్చీ శ్రీరామనవమి, ముక్కోటి రోజుల్లోనే చిక్కు. నవమినాడు మిథిలా స్టేడియంలో కళ్యాణం మధ్యాహ్నం వేళ జరుగుతుంది, అది అవగానే జనమంతా ఒక్కసారి హోటళ్ల మీద పడతారు. ఆ రోజు ధర అడిగే తీరిక కూడా ఎవరికీ ఉండదు. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లే అలవాటును ఖమ్మం పల్లెలు అందుకే వదల్లేదు.

ఊరు దాటి కాస్త వెళ్తే రాష్ట్రమే మారిపోతుంది. 2014లో పోలవరం ముంపు మండలాల్లో భాగంగా చింతూరు, కూనవరం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలంలో తీసుకున్న హోటల్ బిల్లు మీద జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది, ఎటపాకలో తీసుకుంటే 37తో. ఇంకా ముందుకు పోయి ఛత్తీస్‌గఢ్‌లోని కొంటలో తింటే 22. రేటు మాత్రం మూడుచోట్లా అయిదు శాతమే. బిల్లే ఇవ్వని చోట ఈ అంకెలతో పని లేదు, అలాంటి చోట్లే అక్కడ ఎక్కువ.

చింతూరు నుంచి మారేడుమిల్లి వైపు ఘాట్ రోడ్డులో పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద కాల్చి ఇస్తారు. నూనె వేయరు. ఒకప్పుడు అడవి బిడ్డల వంటగా ఉన్న బొంగులో చికెన్‌ను ఇప్పుడు పట్నం రెస్టారెంట్లు మెనూలో 'స్పెషల్' కింద వేసి, దానిమీద కార్డు ఆఫర్ కూడా ఇస్తున్నాయి. ఆ తగ్గింపు పోయాక కూడా పట్నం ధర రోడ్డు పక్క ధర కన్నా ఎక్కువే ఉంటుంది, అద్దె కలిసింది కదా. రోడ్డు పక్క బొంగు సైజును బట్టి రేటు చెబుతారు. ఎంతమందికి సరిపోతుందో, కోడి నాటుదో ఫారందో నిప్పుల మీద పెట్టకముందే అడగండి. క్యూఆర్ కోడ్ బోర్డు అక్కడా వేలాడుతూ ఉంటుంది గానీ ఘాట్‌లో సిగ్నల్ ఎక్కడ పోతుందో తెలియదు, కొన్ని వంద నోట్లు జేబులో ఉంచుకోండి.